బండి తీయని పనులు



కొత్తిమీర అయిపోయిందంటే బండి. పాల ప్యాకెట్టుకి బండి. వీధి చివరి మందుల షాపుకి బండి. గుడికి బండి, గుడి పక్కనున్న ఏటీఎంకి మళ్ళీ బండి. ఇలా పొద్దంతా కాలు కింద పెట్టకుండా తిరిగి, సాయంత్రం అదే బండి మీద పార్కుకి వెళ్ళి, దాన్ని గేటు బయట పెట్టి, లోపల నాలుగు చుట్లు తిరిగి ఇంటికొస్తున్నాం. దానికి వాకింగ్ అని పేరు. ఎగతాళి చేయడం లేదండీ. ఆ నాలుగు చుట్లు తిరిగేవాళ్ళు తిరగనివాళ్ళ కంటే చాలా నయం. నేననేదల్లా ఒకటే. నడకని మనం పనుల్లోంచి తీసేశాం. తీసేసినదాన్ని ఇంకో పనిగా నెత్తిన పెట్టుకున్నాం. ఇప్పుడు ఆ పనికి తీరిక దొరకడం లేదని బాధపడుతున్నాం.

తీరిక వెతుక్కునే బదులు, ఉన్న పనులనే నడిచి చేసుకుంటే వారం ఎలా గడుస్తుందో ఈ పూట నాలుగు మాటలు చెప్తాను.

పనిలో కలిసిపోయిన కదలిక ఎంత మేలు చేస్తుందో మొదట గట్టిగా పట్టి చూపించినవి లండన్ బస్సులు. 1953లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు, ఆయన తోటివాళ్ళు లాన్సెట్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. అవి రెండంతస్తుల బస్సులు. డ్రైవరు పొద్దున్నించీ సాయంత్రం దాకా కూర్చునే ఉంటాడు. కండక్టరు టిక్కెట్లు కొట్టడానికి రోజుకి కొన్ని వందల మెట్లు ఎక్కి దిగుతాడు. ఇద్దరిదీ ఒకటే డిపో, ఇంచుమించు ఒకటే రకం బతుకు. అయినా గుండెజబ్బు డ్రైవర్లలో ఎక్కువగా, కండక్టర్లలో తక్కువగా కనిపించింది. ఇంటింటికీ ఉత్తరాలు పంచే పోస్ట్‌మేన్‌లకీ, బల్ల ముందు కూర్చునే గుమాస్తాలకీ మధ్య కూడా ఇలాంటి తేడాయే తేలింది. కొన్నేళ్ళకి మోరిసే వాళ్ళ యూనిఫాంల దర్జీ లెక్కలు తిరగేసి, డ్రైవర్ల నడుము కొలత ఉద్యోగంలో చేరిన నాటినుంచీ కాస్త ఎక్కువేనని కూడా బయటపెట్టాడు. తన మాటకి తనే అడ్డు ప్రశ్న వేసుకున్న మనిషి కాబట్టి ఆయన మీద నాకు నమ్మకం ఇంకొంచెం పెరిగింది. ఆ తరువాత ఎన్నో పరిశోధనలు ఆయన చెప్పిన వైపే నిలబడ్డాయి. ఆయన 99 ఏళ్ళు బతికాడు.

ఆ కండక్టర్లెవరూ వ్యాయామం చేయలేదు, ఉద్యోగం చేశారంతే. మనం పట్టించుకోవలసింది అదే.

ఇప్పుడు మణికట్టుకి గడియారాల్లాంటివి కట్టుకుని రోజుకి పదివేల అడుగులని లెక్కపెట్టుకుంటున్నారు. పదివేలు కాకపోతే రాత్రి పదకొండింటికి హాల్లో అటూ ఇటూ తిరిగి అంకె పూర్తి చేసి పడుకునేవాళ్ళు నాకు తెలుసు. ఈ పదివేలు ఏ వైద్యుడూ రాసిచ్చిన మందు కాదు. 1964 టోక్యో ఒలింపిక్స్ ఊపులో, 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే చిన్న యంత్రం అమ్మకానికి తెచ్చింది. దానికి పెట్టిన పేరులోనే ఈ పదివేలు ఉంది. 2019లో అమెరికాలో సుమారు 17 వేలమంది పెద్దవయసు ఆడవాళ్ళ మీద వచ్చిన ఒక అధ్యయనం ఇంకో మాట చెప్పింది. రోజుకి 2,700 అడుగులు వేసేవాళ్ళ కంటే 4,400 వేసేవాళ్ళలో మరణాలు బాగా తక్కువ. ఆ లాభం 7,500 దాకా పెరుగుతూ వెళ్ళి, అక్కడినుంచి నిలకడగా ఉండిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి చెప్పేదీ అడుగుల లెక్క కాదు. వారానికి కనీసం 150 నిమిషాలు, ఒంటికి కాస్త శ్రమ తెలిసే కదలిక ఉండాలంటుంది. రోజు లెక్క కాకుండా వారం లెక్క పెట్టుకోవడంలో ఉన్న సుఖం ఏమిటంటే, మంగళవారం వాన పడి ఆగిపోయినా బుధవారం ఉంది.

మాది రాజమండ్రి. సోమవారం నుంచి శనివారం దాకా నాకు ఒకటే నియమం. కిలోమీటరు లోపు పనికి బండి తీయను. మామూలుగా నడిచే మనిషి గంటకి నాలుగైదు కిలోమీటర్లు వెళ్తాడు. అర కిలోమీటరులో ఉన్న కొట్టుకి ఆరేడు నిమిషాలు పడుతుంది. బండికైతే రెండే నిమిషాలంటారు. సందులోంచి బండి బయటికి లాగడం, హెల్మెట్ వెతకడం, బజారులో దాన్ని పెట్టడానికి చోటు దొరక్క ఎవరితోనో మాట పడడం, ఇవన్నీ ఎవరూ లెక్కలో వేయరు. కూరలు, మందులు, ఇస్త్రీకి ఇచ్చిన బట్టలు, కరెంటు బిల్లు, దర్జీ, లైబ్రరీ, ఎవరింటికో పసుపు కుంకుమ. వీటిని రోజుకొకటిగా పంచుకుంటే వారమంతా నడవడానికి ఒక కారణం సిద్ధంగా ఉంటుంది. అన్నీ ఒకే రోజు బండి మీద చుట్టబెట్టేస్తే మిగతా ఆరు రోజులూ సోఫానే. శనివారం మాత్రం కాస్త దూరమైనా రైతుబజారుకి నడుస్తాను. వచ్చేటప్పుడు సంచులు బరువైతే ఆటో ఎక్కుతాను. అదేమీ వ్రతభంగం కాదు.

నడిచి వెళ్తే కొనే తీరు కూడా మారిపోతుందండీ. మోయగలిగినంతే కొంటాం. ఫ్రిజ్‌లో వంకాయలు మెత్తబడిపోవడం మా ఇంట్లో ఆగిపోయింది.

సాయంత్రం నడక వేరు. అది గోదావరి గట్టు మీద. కోటిలింగాల రేవు దగ్గర మొదలుపెట్టి పుష్కరాల రేవు వైపు వెళ్తాను. వెళ్ళేటప్పుడు కాస్త జోరుగా. ఎంత జోరుగా అంటే, పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. డాక్టర్లు చెప్పే కొలత ఇదే. దీనికి ఏ యంత్రమూ అక్కర్లేదు. వచ్చేటప్పుడు మాత్రం నదిని చూసుకుంటూ నిదానంగా వస్తాను. ఈ రెండింటినీ కలపకూడదని నా అభిప్రాయం. ఒంటికోసం నడిచే నడక వేగంగానే ఉండాలి. మనసుకోసం నడిచేదాన్ని ఎవరూ కొలవకూడదు.

గట్టు మీద నడిచేవాళ్ళకి గోదావరి ఏడాది పొడవునా ఒకే నది కాదు. మే నెలలో నీరు తగ్గి లంకలు బయటపడతాయి. అప్పుడు ఆరున్నర దాటాక గానీ గట్టు మీదికి రాలేం. రాతి మెట్లు అప్పటికీ వేడి కక్కుతూనే ఉంటాయి. జులైలో ఎర్రనీరు దిగుతుంది. ఆగస్టుకి నది మధ్యలో దుంగలు కొట్టుకుపోతుంటే, పిల్లలు అవి ఏ కొండల్లోంచి వస్తున్నాయో అడుగుతుంటారు. ఆ రోజుల్లో మా గట్టు మీద ఎవరూ షుగరు గురించి మాట్లాడరు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం ఎంతుందన్నదే మాట. 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ అంకెలు మా ఊళ్ళో బడి పిల్లలకి కూడా నోటికొచ్చు. రెండో హెచ్చరిక ఎగరేశారంటే సగంమంది లంక గ్రామాల్లో ఉన్న చుట్టాలకి ఫోన్లు చేస్తుంటారు, మిగతా సగం పులస చేప ధర అడుగుతుంటారు. కార్తీకంలో తెల్లవారుజామునే మెట్ల మీద చోటుండదు. నీళ్ళలో దీపాలు, గట్టు మీద తడిబట్టలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మాత్రం మా గట్టుని మించిన నడక దారి ఈ రాష్ట్రంలో లేదని నేను వాదిస్తాను. విశాఖపట్నం వాళ్ళు నాతో ఒప్పుకోరు. వాళ్ళ బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున వాహనాలు ఆపేసి, రోడ్డంతా నడిచేవాళ్ళకే వదిలేస్తారు. ఆ ఒక్క విషయంలో వాళ్ళని చూస్తే నాకు అసూయే.

మా గట్టు దగ్గరే ఉంది హేవలాక్ వంతెన. 1900లో రైళ్ళకి తెరిచారు, 1997లో రైళ్ళు ఆపేశారు. దాదాపు మూడు కిలోమీటర్ల పొడవు. దాన్ని నడిచేవాళ్ళకోసం బాగుచేయాలని ఎన్నో ఏళ్ళుగా ఊరంతా అనుకుంటూనే ఉంది. అది గనక జరిగితే గోదావరిని మధ్యలో నిలబడి చూడడానికి ఎక్కడెక్కడివాళ్ళో వస్తారు.

ఒక సంగతి మాత్రం ఆడదానిగా చెప్పాలి. మగవాడు ఊరికే వీధి చివర నిలబడినా ఎవరూ ఏమీ అనుకోరు. ఆడమనిషి చేతిలో సంచి లేకుండా నడుస్తుంటే, ఎదురైన ప్రతివాళ్ళూ “ఎక్కడికండీ బయల్దేరారు?” అంటారు. “ఊరికేనండీ” అన్న జవాబు ఎవరికీ సరిపోదు. మన అమ్మమ్మలు దీనికి మంచి ఉపాయమే కనిపెట్టారు. దేవుడి పేరు చెప్పి నడిచారు. నూట ఎనిమిది ప్రదక్షిణలంటే ఎవరు కాదంటారు? కార్తీకంలో నదీ స్నానానికి చీకట్లో వెళ్ళొస్తామంటే ఎవరు అడ్డుపడతారు? అలిపిరి నుంచి తిరుమలకి 3,550 మెట్లు. సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు, ఆషాఢ పౌర్ణమికి లక్షలమంది రాత్రంతా కొండ చుట్టూ నడుస్తారు. వాళ్ళలో ఇంటి గడప దాటడానికి ఏడాదంతా ఎవరో ఒకరి అనుమతి అడగవలసిన ఆడవాళ్ళు ఎందరో. భక్తిని తక్కువ చేయడం లేదు. ఆ భక్తిలో కాళ్ళకి దొరికిన స్వేచ్ఛ కూడా ఉందంటున్నాను. ఇప్పుడు అపార్ట్‌మెంట్ల డాబాల మీద, నీళ్ళ ట్యాంకుల మధ్య గుండ్రంగా తిరుగుతున్న ఆడవాళ్ళని చూస్తే, ఒక్కసారి కిందికి దిగి వీధిలోకి రండమ్మా అనాలనిపిస్తుంది. ఇద్దరు కలిసి వస్తే అడిగేవాళ్ళు సగమవుతారు. నలుగురు కలిసి వస్తే అడిగేవాళ్ళే ఉండరు.

రాత్రి భోజనం అయ్యాక పది నిమిషాల నడక ఇంకోటి ఉంది. ఇది చిన్నదేగానీ, షుగరు ఉన్నవాళ్ళకి అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. తిన్న అన్నం గ్లూకోజుగా రక్తంలోకి చేరే సమయానికి కాళ్ళ కండరాలు పని చేస్తుంటే, ఆ గ్లూకోజుని అవి లాక్కుంటాయి. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్ళు 2016లో 41 మంది మధుమేహ రోగుల మీద దీన్ని పరీక్షించారు. రోజులో ఎప్పుడో ఒకప్పుడు ముప్పై నిమిషాలు నడవడం ఒక పద్ధతి, మూడు పూటలా తిన్నాక పదేసి నిమిషాలు నడవడం ఇంకో పద్ధతి. రెండో పద్ధతిలో భోజనం తరువాతి చక్కెర సగటున 12 శాతం తక్కువగా ఉంది. రాత్రి భోజనం తరువాతైతే 22 శాతం. మనదేశంలో పదికోట్లకు పైగా మనుషులకి మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో తేల్చింది. మనం రాత్రిపూట ఎక్కువ అన్నం తినే జనం. తినగానే టీవీ ముందు కూర్చునే జనం. ఈ పది నిమిషాల నడకకి పైసా ఖర్చు లేదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళూ, షుగరు బాగా దించే మాత్రలు వేసుకునేవాళ్ళూ షుగరు మరీ పడిపోతే తినడానికి జేబులో కాస్త పంచదార పెట్టుకుని నడవండి. పాదాలకి స్పర్శ తగ్గినవాళ్ళు చెప్పులు లేకుండా అసలు నడవకండి, గుడి చుట్టూ అయినా సరే.

ఇక ఆదివారం.

మనకి ఆదివారం సెలవు దానంతటదే వచ్చిందనుకుంటాం. బొంబాయి బట్టల మిల్లుల్లో కూలీలు వారంలో ఏడు రోజులూ పనిచేసేవారు. నారాయణ్ మేఘాజీ లోఖండే అనే కార్మిక నాయకుడు ఏళ్ళ తరబడి సభలు పెట్టి, అర్జీలు ఇచ్చి అడిగితే, 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం సెలవుకి ఒప్పుకున్నారు. మన పల్లెల్లో అంతకుముందు నుంచే వేరే పద్ధతి ఉంది. అమావాస్య నాడు అరక కట్టరు. తాపీమేస్త్రీలు, వడ్రంగులు ఇప్పటికీ చాలా ఊళ్ళలో ఆ రోజు పనిలోకి రారు. వాళ్ళని ఆ రోజు పిలిచి విసుక్కునే ఇంటివాళ్ళకి నేను చెప్పేదేమిటంటే, వాళ్ళకున్న తెలివి మనకి లేదు. విశ్రాంతికి ముందుగా ఒక రోజు రాసిపెట్టుకోవాలి. అన్ని పనులూ అయ్యాక మిగిలిన సమయంలో తీసుకుందామంటే, పనులెప్పుడూ అవవు.

మా ఇంట్లో ఆదివారం పొద్దున్నించీ మధ్యాహ్నం భోజనం దాకా ఫోన్లు బీరువాలో ఉంటాయి. అవసరమైతే చేయడానికి పక్కింటివాళ్ళ నంబరు పిల్లల దగ్గరుంది. ఆ పూట నేను పేపరు మొత్తం చదువుతాను, సంపాదకీయంతో సహా. రేడియో ఉంటుంది. రేడియో వింటూ చిక్కుడుకాయలు ఒలుచుకోవచ్చు, మొక్కలకి నీళ్ళు పోయవచ్చు. కళ్ళనీ చేతులనీ కట్టిపడేయదు కాబట్టే దాని మీద నాకీ పక్షపాతం, స్టేషనులో కూర్చుని మాట్లాడుతున్నందుకు కాదు.

అయితే ఇక్కడొక మోసం ఉందండీ. నిదానంగా బతకడం గురించి పుస్తకాలు రాసేవాళ్ళు ఈ మోసం గురించి పెద్దగా మాట్లాడరు. మగవాళ్ళకి ఆదివారం నిదానం, ఆడవాళ్ళకి ఆదివారం బిర్యానీ. ఇంట్లో అందరూ తీరిగ్గా లేస్తే టిఫిను పదింటి దాకా సాగుతుంది. మధ్యాహ్నం స్పెషల్, సాయంత్రం బజ్జీలు. ఒక మనిషి విశ్రాంతి ఇంకో మనిషి నడుం మీద నిలబడుతుంది. అందుకే మా ఇంట్లో ఆదివారం వంట వారం మొత్తంలోకీ చిన్నది. ముద్దపప్పు, ఆవకాయ, పెరుగు. అప్పడాలు మా వారు వేయిస్తారు. మొదట్లో మాడ్చేవారు, ఇప్పుడు బాగానే వేయిస్తున్నారు. చుట్టాలొస్తే వాళ్ళకీ అదే.

నడకలో కూడా ఇలాంటి తేడాలున్నాయని మరిచిపోకూడదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి, ఏడాదికి పైగా తిరిగి వచ్చి, తెలుగువాళ్ళకి ఒక గొప్ప యాత్రాచరిత్ర ఇచ్చారు. ఆయన వెళ్ళింది పల్లకీలో. నడిచింది బోయీలు. వాళ్ళు చూసిన కాశీ మనకి తెలియదు. ఈ రోజు కూడా తెల్లవారకముందే రోడ్లూడ్చే పారిశుద్ధ్య కార్మికులు, తల మీద గంప పెట్టుకుని వీధి వీధీ తిరిగే కూరలావిడ మనకంటే ఎన్నో రెట్లు నడుస్తున్నారు. వాళ్ళని ఆపి నడక మంచిదని చెప్పబోతే నవ్విపోతారు.

ఇష్టపడి నడిచినవాళ్ళలో నాకు బాగా గుర్తుండేది వినోబా భావే. 1951లో హైదరాబాదు దగ్గర శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం. ఆయన రైలెక్కకుండా వార్ధా వైపు నుంచి నడిచి వచ్చారు. సమ్మేళనం అయ్యాక తెలంగాణ పల్లెల్లో నడుస్తూ ఏప్రిల్ 18న పోచంపల్లి చేరారు. అక్కడి దళిత కుటుంబాలు తమకి 80 ఎకరాలు ఉంటే బతుకుతామన్నాయి. ఊళ్ళో ఎవరైనా ఇస్తారా అని ఆయన అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి నూరెకరాలు ఇస్తానన్నారు. భూదానం అక్కడ పుట్టింది. ఆ ఉద్యమం ఎంతవరకు నెగ్గిందన్నది వేరే చర్చ. ఆయన జీపులో వెళ్ళి ఉంటే పోచంపల్లి కిటికీలోంచి వెనక్కి వెళ్ళిపోయేది. నడిచి వచ్చిన మనిషికే ఊరు తన గోడు చెప్పుకుంటుంది. మా వీధిలో కుళాయి ఎన్నింటికి వస్తుంది, ఎవరింట్లో ముసలాయన మంచాన పడ్డాడు, ఏ కొట్టు మూతపడబోతోంది, ఇవన్నీ నాకు తెలిసింది బండి దిగాకే.

ఇన్ని చెప్పానుగానీ, ఎక్కడ నడవమంటావమ్మా అని మీరడిగితే నా దగ్గర పూర్తి సమాధానం లేదు. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళొచ్చిన పెద్దవాళ్ళు చాలామంది అంటుంటారు, అక్కడ నడవడానికి చక్కని బాటలున్నాయి, పలకరించడానికి మనిషి లేడని. మనకి పలకరించేవాళ్ళకి లోటు లేదు, బాటలే లేవు. ఫుట్‌పాత్ ఉన్నచోట ట్రాన్స్‌ఫార్మరు, దాని పక్కన బజ్జీల బండి, తరువాత మూత లేని కాలువ, ఆ పైన ఎవరిదో కారు. బజ్జీల బండి అతన్ని నేను తప్పు పట్టను, అతనికీ బతకడానికి చోటు కావాలి. కారుని మాత్రం తప్పు పడతాను. ఇళ్ళుండే వీధుల్లో కూడా ఫుట్‌పాత్ మీద అడ్డంకి లేకుండా నడిచే వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 నాటి నిబంధనల్లోనే ఉంది. 2022 ఒక్క ఏడాదిలో మనదేశంలో రోడ్ల మీద చనిపోయిన పాదచారులు 32 వేలమందికి పైనే. 2025 మే నెలలో సుప్రీంకోర్టు, ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణంలో భాగమని, అంటే జీవించే హక్కులో భాగమని చెప్పింది.

కాబట్టి శ్రోతలు ఈ వారంలో ఒక పని చేయండి. మీ ఇంటి నుంచి మీరు రోజూ వెళ్ళే బజారు దాకా నడవండి. ఫుట్‌పాత్ ఎక్కడ తెగిపోయిందో, ఏ కాలువకి మూత లేదో, ఏ దీపం వెలగడం లేదో ఒక కాగితం మీద రాయండి. కింద సంతకం పెట్టి, అదే వీధిలో ఉండే మరో నలుగురి చేత పెట్టించి, మీ మునిసిపల్ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. ఆఫీసు దగ్గరైతే అక్కడికీ నడిచే వెళ్ళండి.